ఇనప వంతెన కింది బేరం

అమెరికాలో మనిషికి బేరమాడే హక్కు వారానికి ఒక్క పూటే ఉంటుంది. శనివారం పొద్దున, ఎవరింటి ముందో, పాత సామాన్లు అమ్ముకునే యార్డ్ సేల్‌లో. మిగతా వారమంతా చీటీ మీద ఉన్న ధర ఇచ్చుకుని, పైగా మనమే థాంక్యూ చెప్పి బయటికి రావాలి. తెనాలిలో బట్టల కొట్టు పరుపుల మీద దొర్లి పెరిగినవాణ్ణి నేను. మాకు ఎడమ పక్క బాబాయి వాళ్ళ ఫ్యాన్సీ కొట్టు, కుడి పక్క మేనమామ కిరాణా కొట్టు. డాట్‌కామ్ కంపెనీలు టపటపా మూతపడుతున్న ఏడాది న్యూజెర్సీ వచ్చి, ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్ తీసుకుని, మొదటి వారమే ఒక పెద్ద షాపులో పరుపు చూసి "ఆఖరి రేటు చెప్పండి" అని అడిగాను. ఆ అమ్మాయి నేనేదో ఫిర్యాదు చేస్తున్నాననుకుని మేనేజర్‌ని పిలిచింది. మా ఆవిడ నాకేమీ కానట్టు పక్క వరుసలోకి వెళ్ళి దిండ్లు చూస్తూ నిలబడింది.

అందుకే నాకు శనివారాలంటే ప్రాణం. యార్డ్ సేల్ అట్టముక్క కనిపిస్తే కారు దానంతటదే ఆగేది. అలా ఒక అక్టోబరులో, ఆపిల్ తోటకి వెళ్ళి తిరిగొస్తుంటే, రారిటన్ నది సౌత్ బ్రాంచ్ ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఆగింది. డిక్కీ నిండా ఆపిల్సు. వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది. మా ఆవిడ దిగలేదు.

"మీరు వెళ్ళి పరువు తీసుకు రండి. నేనిక్కడే ఉంటా" అంది.

గడ్డి మీద బల్ల వేసి ఉంది. బల్ల మీద టోస్టర్లు, పింగాణీ బొమ్మలు, చివర మూత తెరిచిన ఒక చెక్కపెట్టె. అందులో రంగురంగుల దారపు రీళ్ళు, జరీలా మెరిసే తీగలు, ఈకలు, రంగు అద్దిన జింక తోకలు, బల్ల అంచుకి బిగించుకునే ఒక చిన్న ఇనప వైస్. అదేం సరంజామానో నాకు తెలియదు. కానీ వంగి చూడగానే బాబాయి కొట్లో లేసులూ రిబ్బన్లూ దాచే సొరుగు వాసన గుప్పుమంది. అవే కలరా ఉండలు. ఎన్నేళ్ళయిందో ఆ వాసన తగిలి.

మనసుపడ్డ వస్తువు వైపు కన్నెత్తి చూడకూడదని నాకు తెలుసు. అలా చూసినవాళ్ళని మేమెలా పిండేవాళ్ళమో కూడా తెలుసు. అందుకని ముందు టోస్టర్ ధర అడిగాను. తరవాత ఒక కుంటి కుర్చీ ధర అడిగాను. పెదవి విరిచి, కారు వైపు రెండడుగులు వేసి, అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి "ఇంతకీ ఆ పెట్టె ఏమిటి?" అన్నాను.

కుర్చీలో కూర్చున్న పెద్దాయన నవ్వారు. స్కూల్లో పిల్లలకి బ్యాండు వాయించడం నేర్పి రిటైరయ్యారని తరవాత తెలిసింది.

"నువ్వు వచ్చీ రాగానే చూసింది ఆ పెట్టెనే, యంగ్ మ్యాన్. టోస్టర్‌ని కాదు" అన్నారు.

నాకప్పటికే నెత్తి మీద సగం జుట్టు లేదు. అయినా ఆయనకి నేను చివరిదాకా యంగ్ మ్యాన్‌నే.

"చేపలు పడతావా?"

"లేదు."

"మరి ఇదెందుకు?"

"దారాలు బాగున్నాయి."

ఇక మొదలుపెట్టాను. పెట్టె బందు ఊడిందన్నాను. వైస్‌కి తుప్పు పట్టిందన్నాను. ఈకలు పురుగు కొట్టాయేమోనన్నాను. ఆయన పాట వింటున్నట్టు తల ఊపుతూ అంతా విని, "సరే, నువ్వన్న ధరకే తీసుకో. కానీ ఒక షరతు" అన్నారు.

అడిగినంతా తగ్గించి, ఆ పైన షరతు పెట్టేవాణ్ణి నేను అంతవరకూ చూడలేదు. అప్పుడే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సింది.

ఆయన రెండు చేతులూ పైకెత్తి చూపించారు. సన్నగా వణుకుతున్నాయి.

"వీటితో ఇక ముడి పడదు. నీళ్ళలో నిలబడడానికి కాళ్ళూ ఒప్పుకోవడం లేదు. ఆ మలుపు తిరిగితే ఇనప వంతెన ఉంది. దాని కింద మడుగులో ఎప్పుడూ ఒక పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేప ఉంటుంది. అది పోతే ఇంకో పెద్దది వచ్చి ఆ చోటు పట్టుకుంటుంది. ఇన్నేళ్ళలో నేను ఒక్కదాన్నీ పట్టలేకపోయాను. ఈ వైస్ మీద కట్టిన స్ట్రీమర్‌తో నువ్వు దాన్ని పట్టి నాకు చూపించాలి. చిన్నవి లెక్కలోకి రావు."

"అలాగే" అన్నాను.

మా కొట్లవాళ్ళ పద్ధతి ఒకటుంది. బేరం కుదిరేదాకా ఎన్ని అబద్ధాలాడినా తప్పులేదు. కుదిరాక మాత్రం మాట తప్పకూడదు. స్ట్రీమర్ అంటే ఏమిటో తెలియకుండానే నేను మాట ఇచ్చేశాను.

కారులో మా ఆవిడ ఒళ్ళో పెట్టె పెట్టాను.

"ఏం కొన్నారు?"

"ఈకలు. చేపలు పట్టడానికి."

మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. ఆమె నా వైపు తిరిగింది.

"పట్టి ఏం చేస్తారు?"

"మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాను."

ప్లెయిన్స్‌బరో వచ్చేదాకా ఆలోచించి, కారు దిగుతూ అడిగింది: "తినరు, అమ్మరు. మరి పట్టడం ఎందుకండీ?"

ఆమె కూడా కొట్టువాళ్ళ పిల్లే.

*

నెలకి ఒకటి రెండు శనివారాలు ఆయన వంటింటి బల్ల దగ్గర నాకు బడి. ట్రౌట్‌ని పట్టడానికి మామూలుగా ఈగంత, దోమంత ఎరలు కడతారు. స్ట్రీమర్ అలా కాదు. అది వేలెడు పొడవుండే ఉత్తుత్తి చేపపిల్ల. గాలాన్ని వైస్‌లో బిగించి, ముందు భాగాన బరువు కోసం సీసపు తీగ చుట్టి, తోకకి మెత్తటి ఈక, ఒంటికి తళుకు తీగ, వీపు మీద జింక తోక వెంట్రుకలు పెట్టి, అన్నిటినీ సన్నటి దారంతో బిగించి కట్టాలి. పెద్ద ట్రౌట్ దోమలతో కడుపు నింపుకోదు. చిన్న చేపలనే మింగుతుంది. దానికి చిన్న చేపనే చూపించాలి.

నేను కట్టిన మొదటి స్ట్రీమర్‌ని ఆయన వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు.

"ఇది చేపా, బూజుకర్రా?"

"కొంచెం ఎక్కువైందా?"

"దీన్ని చూస్తే ట్రౌట్ ఒడ్డెక్కి పారిపోతుంది. ఇంత ఈక ఎందుకు పెట్టావు?"

నాకు కొసరు గుర్తొచ్చింది. మా కొట్లో బట్ట కొలిచాక చివర ఒక బెత్తెడు వదిలి కత్తిరించేవాళ్ళం. మామయ్య కంది పప్పు తూచాక గుప్పెడు పైన వేసేవాడు. కొసరు లేకుండా చేతిలోంచి సరుకు జారదు మాకు. స్ట్రీమర్ కట్టేటప్పుడు కూడా, సరిపోయిందని కన్ను చెబుతున్నా, చెయ్యి ఇంకో నాలుగు వెంట్రుకలు వేసేది. అలాంటి స్ట్రీమర్లు నీళ్ళలో మునగవు, ఈదవు. తడిసిన కోడిపిల్లలా తేలుతుంటాయి.

ఆయనకి కొసరు గురించి వివరించాను. బాగా నచ్చింది. ఆ మాట పలకడం కూడా నేర్చుకున్నారు. ఆ తరవాత నా చెయ్యి ఈకల వైపు రెండోసారి వెళ్ళిందంటే చాలు, అటు తిరిగి కాఫీ కలుపుకుంటూనే "నో కొసరు!" అని అరిచేవారు.

కొట్టు కబుర్లంటే ఆయనకి చెవి కోసుకునేంత ఇష్టం. మా గోడ మీద ఏం రాసి ఉండేదో అడిగితే చెప్పాను: లక్ష్మీదేవి పటం, దాని కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఎర్ర అక్షరాల బోర్డు. "మంచి మాట. మా స్కూల్లో పెట్టాల్సింది. పిల్లల తల్లిదండ్రుల కోసం" అన్నారు.

కొట్టు బుద్ధి ఇంకోచోట కూడా బయటపడింది. ఫిషింగ్ షాపులో చారెడు ఈకలకి వాళ్ళు చెప్పే ధర విని చేతిలోవి అక్కడే పెట్టేశాను. అక్కడ బేరం లేదు. ఇంటికొచ్చి బీరువాలు వెతికాను. కృష్ణుడి పటం వెనక నెమలీక దొరికింది. ఒక సంచిలో నల్ల పట్టుదారం, మధ్యలో జరీ, నీళ్ళలో వేస్తే అచ్చం చేపపిల్లలా ఊగే సరుకు దొరికింది. ఆనందంగా కత్తిరించాను.

సాయంత్రం మా అమ్మాయి కూచిపూడి డ్రెస్ వేసుకుని, జడ పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"అమ్మా, నా జడకుచ్చులు ఎక్కడ? రెండే ఉన్నాయ్."

మా ఆవిడ నా బల్ల వైపు చూసింది. వైస్‌లో మూడో కుచ్చు, గాలం మింగి, నిగనిగలాడుతూ కూర్చుని ఉంది.

"మీరు కత్తిరించారా?"

"అది... దారం చాలా బాగుంది."

"డాడ్! ఫిష్ కోసమా? సీరియస్లీ?"

"రెండు కుచ్చులతో ఎవరైనా డాన్స్ చేస్తారా అండీ? ఇంకో గంటలో ప్రోగ్రామ్. మీ ముసలాయన దగ్గరికెళ్ళి జింక తోక తెచ్చి కట్టమంటారా దాని జడకి?"

ఆ రోజు స్టేజీ మీద మా అమ్మాయి వీపు చూపించినప్పుడల్లా నేను తల దించుకున్నాను. కుచ్చు మాత్రం పారేయలేదు. పెట్టెలో దాచుకున్నాను.

*

ఏళ్ళు గడిచాయి. చిన్న ట్రౌట్‌లు చాలానే పడ్డాయి. గాలం కొసన ఉండే ఎదురుముల్లు నొక్కేసి ఉండేది కనక నొప్పి తక్కువ పెట్టి వదిలేసేవాణ్ణి. ఆయన ఒడ్డున మడత కుర్చీలో కూర్చుని, మా ఆవిడ ఫ్లాస్కులో పోసిచ్చిన అల్లం టీ తాగుతూ, "చిన్నది. లెక్కలోకి రాదు" అనేవారు. ఇంతలో మా ప్రాజెక్టు టెక్సస్‌కి తరలిపోయింది. మంచి స్కూలు చూసుకుని ఫ్రిస్కోలో ఇల్లు తీసుకున్నాం. ఆకులు రాలడం అయిపోయేలోపు కదలాలి. అక్కడ ఎండ ఉంది, రోడ్లున్నాయి, ట్రౌట్ బతికే చల్లటి నీళ్ళు లేవు.

ఆయనకి చెప్పాను. "అయితే ఇంకా కొన్ని శనివారాలున్నాయి" అన్నారు. అంతే. షరతు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. ఆయన కాళ్ళు ఇప్పుడు కుర్చీ నుంచి కారు దాకా నడవడానికే నా భుజం అడుగుతున్నాయి. ఆ మడుగులో పెద్ద చేపని ఆయన చూడాలంటే నేనే చూపించాలి, ఈ సీజన్లోనే చూపించాలి. నేను వెళ్ళిపోతే ఆ బేరం అలాగే తెగకుండా ఉండిపోతుంది.

ఆ మరుసటి శనివారమే అది కనిపించింది. స్ట్రీమర్‌ని అవతలి ఒడ్డు వైపు విసిరి, దారాన్ని కొంచెం కొంచెంగా లాక్కుంటున్నాను. వంతెన నీడలోంచి గోధుమరంగు దుంగ ఒకటి కదిలి దాని వెనకే వచ్చింది. దుంగకి మచ్చలున్నాయి. నా గుండె ఆగింది. గుండెతో పాటు చెయ్యీ ఆగింది. పాపం, దగ్గరికొచ్చి చూసుకుంటుందేమో, తొందరపెట్టకూడదని మెల్లగా, ఇంకా మెల్లగా, బతిమాలుతున్నట్టు లాగాను. అది వచ్చి, మూతి దగ్గర పెట్టి చూసి, నచ్చని పెళ్ళిచూపుల్లోంచి లేచినట్టు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

"ఎందుకు ఆపావు?" ఒడ్డు మీంచి అరిచారు.

"చూసుకుంటుందని!"

"పెద్ద చేప తరుముకొస్తుంటే చిన్న చేప ఆగి గుడ్ మార్నింగ్ చెబుతుందా? పారిపో! గట్టిగా లాగి పారిపో!"

మాటలుగా అర్థమైంది. చేతికి అర్థం కాలేదు. తరవాతి వారం మళ్ళీ వచ్చింది, మళ్ళీ చెయ్యి మెత్తబడింది, మళ్ళీ పోయింది. నా చెయ్యి అలా తయారైంది మరి. కొట్లో చిన్నప్పుడు నా పని గుమ్మంలో నిలబడడం. వెళ్ళిపోయేవాళ్ళకి అడ్డంపడి "రండి పిన్నిగారూ, చూసి వెళ్ళండి, చూస్తే తప్పేముంది" అని బతిమాలడం. తిరస్కరించేవాడి ముందు మెత్తబడడం ఒక్కటే నేను నేర్చుకున్న విద్య.

వెళ్ళే ముందు మా ఆవిడ ఎడిసన్‌లో మనవాళ్ళ కొట్లో చీర కొనుక్కుంటానంది. బేరం నాకు వదిలేయమని చెప్పి మరీ వెంటవెళ్ళాను. నెమలికంఠం రంగు చీర దగ్గర ఆమె ఆగింది. అంచు తిప్పింది. పక్కన పెట్టింది. మళ్ళీ తీసింది.

"ఏమోనండీ, ఇలాంటిది ఇంట్లో ఉందేమో" అంది.

కొట్టాయన బతిమాలలేదు. చీర కొస అందుకుని మడత పెట్టడం మొదలుపెట్టాడు. ముందు నెమ్మదిగా, తరవాత చకచకా, కొంగు లోపలికి వెళ్ళిపోతోంది, అంచు వెళ్ళిపోతోంది.

"ఆగండాగండి!" మా ఆవిడ చెయ్యి చీర మీద పడింది. "ఇదే ఇవ్వండి."

బేరమాడడానికి నేను నోరు తెరిచేలోపు చీర సంచిలో ఉంది. కానీ నాకు దాని మీద ధ్యాస లేదు. మా నాన్న కనిపిస్తున్నాడు. గుమ్మంలో బతిమాలడం మా పిల్లల వంతు, లోపల మడత పెట్టడం నాన్న వంతు. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. కొనేవాళ్ళ కళ్ళు ఇంకా చీర మీద ఉన్నప్పుడే, చెయ్యి మాత్రం వెనక్కి వెళ్ళినప్పుడు, ఆ ఒక్క క్షణంలో మడత మొదలుపెట్టేవాడు. ఆయన చీర మడిచాడంటే అమ్ముడైపోయినట్టే. నేను ముప్ఫై అడుగుల దూరంలో గుమ్మంలో నిలబడి అరుస్తూ ఉండేవాణ్ణి.

"ఏమండీ, ధర ఎక్కువైందా? అలా ఉన్నారేం?" కారులో అడిగింది మా ఆవిడ.

"లేదు. మడత బాగుంది" అన్నాను.

ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

*

చివరి శనివారం తుంపర పడుతోంది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పి, టీ చేతికిచ్చాను. ముందు రోజు పెట్టె అడుగున దాచిన జడకుచ్చు తీసి, దాని నల్ల దారంతో, జరీతో ఒక స్ట్రీమర్ కట్టాను. కొసరు వెయ్యలేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క తప్పూ పట్టకుండా నా చేతిలో పెట్టారు. ఆయన తప్పు పట్టకపోవడం అదే మొదటిసారి.

మోకాళ్ళు దాటే నీళ్ళలో నిలబడ్డాను. విసిరాను. నల్ల కుచ్చు మునిగింది. లాగుతున్నాను. నీడలోంచి దుంగ కదిలింది. వచ్చింది. వెనకే వస్తోంది. దాని కళ్ళు దీని మీద ఉన్నాయి, ఒళ్ళు మాత్రం తటపటాయిస్తోంది. నా చెయ్యి పాత అలవాటు ప్రకారం మెత్తబడబోయింది.

మడత పెట్టాను.

ముందు ఒక చిన్న లాగుడు. తరవాత చకచకా, కొంగు లోపలికి, అంచు లోపలికి, ఇక నీకు దొరకదు పో అన్నట్టు. నీళ్ళు పేలినంత చప్పుడైంది. చేతిలో గాలపు రాడ్ విల్లులా వంగిపోయింది.

ఒడ్డున టీ కప్పు కింద పడిన చప్పుడు వినిపించింది. "తొందరపడకు! ఇప్పుడు తొందరపడకు!" అని అరుస్తున్నారు. ఇంతకాలం తొందరపడమని చెప్పిన నోటితోనే. అది మడుగు అడుక్కి వెళ్ళింది, వంతెన కింది రాయి చుట్టూ తిరగబోయింది, పైకి లేచి తల విదిలించింది. నేను దారం ఇచ్చాను, తీసుకున్నాను, మళ్ళీ ఇచ్చాను. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

వలలోకి తీసుకుని, నీళ్ళలోనే ఉంచి, ఒడ్డు దాకా నడిపించుకొచ్చాను. చేతులు తడుపుకుని మోచెయ్యి ఆనించి కొలిచాను. మూర దాటింది. అది కొనేవాడి మూరే, అమ్మేవాడి మూర కాదు. ఒంటి మీద వెన్న రంగు, ఎర్ర చుక్కలు, దవడ కొక్కెంలా వంగి ఉంది. పెదవి పక్కన మా అమ్మాయి జడ జరీ మెరుస్తోంది.

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. నేను ఒక చేత్తో వల, ఒక చేత్తో ఆయన నడుము పట్టుకున్నాను. అంచు దాకా వచ్చి, వంగి, వణికే వేళ్ళు నీళ్ళలో ముంచి దాని వీపు నిమిరారు. తుంపరకి ఆయన కళ్ళద్దాలు తడిసిపోయాయి.

వేలితో తోక చూపించారు. "తోక కొంచెం అరిగింది. చూశావా? ఇక్కడ ఒక పొలుసు కూడా ఊడింది. వైస్‌కి తుప్పు పట్టినట్టు."

"అయితే ధర తగ్గించమంటారా?"

"వద్దు. లెక్కలోకి వస్తుంది" అన్నారు.

గాలం తీసి, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకున్నాను. అది ఊపిరి తీసుకుని, ఒక్క విదిలింపుతో నా చేతుల్లోంచి నీడలోకి వెళ్ళిపోయింది.

ఆయన్ని ఇంటి దగ్గర దించి, డిక్కీలోంచి చెక్కపెట్టె తీశాను. ఫ్రిస్కోలో ట్రౌట్ లేదు. బేరం తీరిపోయింది. ఎవరి వస్తువు వాళ్ళకి చేర్చడం మర్యాద అనుకున్నాను. వరండా మెట్టు మీద పెట్టబోతుంటే ఆయన కర్ర అడ్డం పెట్టారు.

"మీ నాన్న కొట్లో బోర్డు మీద ఏమని రాసుంటుందన్నావు, యంగ్ మ్యాన్?"

నేను పెట్టె ఎత్తుకుని కారెక్కాను.

ఇప్పుడది ఫ్రిస్కోలో నా ఆఫీసు గదిలో ఉంది. మూత తీస్తే అదే కలరా ఉండల వాసన. ఒకప్పుడు అది తెనాలి వాసన. ఇప్పుడు ఆ వంటింటి బల్ల, కాఫీ, తుంపర కూడా అందులో కలిసిపోయాయి. సాయంత్రాలు మీటింగ్‌లో మైక్ ఆపేసి స్ట్రీమర్లు కడతాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి "తినరు, అమ్మరు, ఇప్పుడు పట్టను కూడా పట్టరు" అని వెళ్ళిపోతుంది. ఆకులు రాలే కాలానికి వాటిని ఒక డబ్బాలో పెట్టి న్యూజెర్సీ పంపిస్తాను. ఆయన వాటిని ఆ నదికి వచ్చే ఎవరెవరికో పంచి, ఒక్కోదానిలో తప్పు వెతికి ఫోన్లో చెబుతారు. దేనిలోనూ ఒక్క వెంట్రుక ఎక్కువ వెయ్యను. డబ్బా మూత పెట్టేముందు మాత్రం, ఆయన అడిగినవాటి పైన ఇంకొకటి వేస్తాను.

అది అందిన రోజు ఫోను ఎత్తగానే ఆయన నోట వచ్చే మొదటి మాట "కొసరు!"